టాటామొబైల్ 206 అమ్మకం: ప్రాజెక్టు డైరీ, ఆఖరి దశ

బండి 1991 నాటి టాటామొబైల్ 206, చిన్న సరకు బండి (పికప్). ఇప్పటి టాటా మోటార్స్ పేరు అప్పటికి ఇంకా టెల్కోయే. 1,948 సీసీ డీజిల్ ఇంజను, ఐదు గేర్లు, ముందు టోర్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), వెనక కమాన్లు. తూర్పు గోదావరి నంబరు, ఏపీ 05. రేకు పని, ఇంజను పని సంగతులు ఇక్కడ రాయడం లేదు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బండిని అమ్మకానికి పెట్టిన రోజు నుంచి రాస్తున్నాను, ఎందుకంటే నా తప్పుల్లో సగానికి పైగా ఆ తర్వాత చేసినవే.

అప్పటికి ఉన్న లెక్క:

- బండి కొన్న ధర: 68,000
- బాగు చేయించిన ఖర్చు: 2,94,500
- మొత్తం: 3,62,500

ఇందులో నా సొంత శ్రమ 640 గంటలు కలపలేదు. గంటలు మాత్రం పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఎందుకు రాశానో ఇప్పుడు ఆలోచిస్తే బాధగా ఉంది.

దశ 1: ప్రకటన (2023 నవంబరు 12–26)

పెట్టిన ఖర్చు కూడి, దానిపై కొంత వేసి 4,75,000 అడిగాను. సాయంత్రపు ఎండలో తీసిన ఎనిమిది ఫొటోలు పెట్టాను. బండి అద్దంలా మెరుస్తోంది. పైన "వింటేజ్ డీజిల్ పికప్" అని రాశాను.

పదిహేను రోజుల్లో 43 ఫోన్లు వచ్చాయి. వాటిని ఇలా విడదీశాను:

- "చివరి ధర ఎంత?" అని మాత్రమే అడిగినవారు: 17
- మధ్యవర్తులు: 9
- పెళ్లి ఫొటోలకు అద్దెకిస్తారా అన్నవారు: 6
- మోటారు సైకిలుతో మార్పిడి అడిగినవారు: 4
- ఢిల్లీ వైపు నుంచి: 2
- నిజంగా చూడటానికి వచ్చినవారు: 5

ఢిల్లీ ఫోన్లు రెండూ వృథాయే. పదేళ్లు దాటిన డీజిల్ బండి అక్కడ తిరగకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ముప్పై రెండేళ్ల బండిని అక్కడికి పంపి ఏం చేస్తారు?

"వింటేజ్" అన్న మాటకు దెబ్బ ఫోనులోనే తగిలింది. అడిగినాయన న్యాయవాది. "బండికి యాభై ఏళ్లు నిండాయా?" అన్నారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, సొంత వాడకంలో ఉండి, అసలు రూపం చెడని బండ్లకే ఆ పేరు చెల్లుతుంది. వాటికి వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. నా బండికి యాభై ఏళ్లు లేవు, పైగా అది సరకు బండి. ఆ మాట నమ్మి కొన్నవాడు రేపు నన్ను నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు. అదే రోజు మాట తీసేసి "1991 మోడల్, పాత బండి" అని మార్చాను.

అసలు దెబ్బ వేరే ఉంది. బండికి బీమా లేదు, ఫిట్‌నెస్ ధ్రువపత్రం లేదు. కొన్నవాళ్లే చేయించుకుంటారులే అనుకున్నాను. బీమా లేని బండిని రోడ్డెక్కించడం నేరం కాబట్టి వచ్చిన ఐదుగురికీ తెలిసినవారి రైస్‌మిల్లు ఆవరణలో 200 మీటర్లు, రెండో గేరులో తిప్పి చూపించాను. రెండో గేరులో నడిపి ఎవరు మాత్రం మూడు లక్షలిస్తారు? వచ్చిన అత్యధిక బేరం 1,60,000.

నవంబరు 27న థర్డ్ పార్టీ బీమా కట్టాను. ఈ తరగతి సరకు బండికి అప్పట్లో మూల ప్రీమియం 16,049. పన్ను, యజమాని ప్రమాద బీమా కలిసి 18,350 అయింది.

నడుస్తున్న మొత్తం: 3,80,850

దశ 2: అయస్కాంతం (నవంబరు 19 – డిసెంబరు 2)

ఆ ఐదుగురిలో సామర్లకోట నుంచి వచ్చినాయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీశారు. రంగుపై గీత పడకుండా దానికి రుమాలు చుట్టి, బండి చుట్టూ నెమ్మదిగా తిరిగారు. ఎడమ వెనక చక్రం పైన అది పట్టుకోకుండా జారి కింద పడింది.

"ఇక్కడ రేకు ఎక్కడో బాగా లోపల ఉన్నట్టుందండీ మాస్టారూ" అన్నారు, నవ్వకుండా.

నాకు కోపం వచ్చింది. ఆయన వెళ్లాక రంగు దుకాణం నుంచి మందం కొలిచే మీటరు తెచ్చి చూస్తే కోపం ఎటు పోయిందో తెలియదు. కొలతలు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు):

- బానెట్: 230
- డోర్లు: 210, 240
- టాపు: 190
- కుడి వెనక చక్రం పైన: 260
- ఎడమ వెనక చక్రం పైన: 1,850

మళ్లీ రంగు వేసిన బండికి 200 నుంచి 300 వరకు రావడం మామూలే. 1,850 అంటే అది రంగు కాదు, పుట్టీ. గ్రైండరుతో తెరిచాను. పుట్టీ కింద పాత యజమాని ఎవరో రివెట్లు కొట్టి బిగించిన డబ్బా రేకు ముక్క, దాని వెనక అరచేయంత రంధ్రం. రంగు వేయించే ముందు చేత్తో తడిమి "నునుపుగా ఉంది" అని వదిలేసింది నేనే. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చంగా అదే.

చేసిన పని:

1. తుప్పు పట్టిన భాగాన్ని మంచి రేకు తగిలేదాకా కోశాను. 18 × 11 సెంటీమీటర్ల ముక్క పోయింది.
2. 20 గేజి రేకు ముక్కను అట్ట నమూనా ప్రకారం వంచాను.
3. అతికించాను. ఇక్కడ తప్పు చేశాను: ఒకే వైపు నుంచి వరుసగా వెల్డింగ్ చేస్తూ పోయాను. వేడికి రేకు 4 మిల్లీమీటర్లు పైకి ఉబ్బింది.
4. కోసి పారేసి, రెండో ముక్కకు ఎదురెదురు మూలల్లో చుక్కలు పెట్టి, ప్రతి చుక్క తర్వాత చల్లారనిచ్చాను. ఉబ్బు ఒక మిల్లీమీటరు లోపే ఉంది.
5. లోపలి వైపు రెడ్ ఆక్సైడ్ కొట్టి, బయట పల్చటి పుట్టీ పెట్టాను. ఈసారి మీటరు 420 చూపింది.

రంగు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. అదే డబ్బాలో మిగిలిన రంగు వేసినా కలవలేదు, ఎందుకంటే బండి మీదున్న రంగు అయిదు నెలలు ఎండ తిన్నది. ముక్క వరకు వేసి చూస్తే కట్టు కట్టినట్టు కనిపించింది. చివరికి ఎడమ పక్క మొత్తం వేయించాల్సి వచ్చింది.

టింకరింగ్ 9,200, రంగు 6,800. మొత్తం 16,000.

నడుస్తున్న మొత్తం: 3,96,850

కోసే ముందు, కోశాక, వెల్డింగ్ అయ్యాక ఫొటోలు తీసి పెట్టాను. అప్పట్లో అది నా మీద నాకున్న కోపంతో చేసిన పని. తర్వాత ఆ ఫొటోలకు ఏమైందో ఆరో దశలో రాస్తాను.

దశ 3: పొద్దున్నే స్టార్టు (నవంబరు 25 – డిసెంబరు 4)

కొనేవాళ్లు వచ్చే ముందు బండిని పది నిమిషాలు నడిపి ఉంచేవాణ్ణి. వచ్చాక తాళం తిప్పగానే ఠక్కున అందుకునేది. నవంబరు 25న వచ్చినాయన తాళం అడగలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, "వేడిగా ఉందండీ. రేపు పొద్దున ఆరున్నరకు వస్తాను, అప్పటిదాకా ముట్టుకోకండి" అని వెళ్లిపోయారు.

మర్నాడు ఆరున్నరకు మూడు ప్రయత్నాలు పట్టింది. మూడోసారి 14 సెకన్లు సెల్ఫ్ కొట్టాక, ఇంటి ముందు కొబ్బరి చెట్టు కనపడనంత తెల్ల పొగ. ఆయన ఏమీ అనలేదు. కాఫీ తాగి వెళ్లిపోయారు.

ఈ ఇంజనులో డీజిల్ నేరుగా సిలిండర్లో కాక పక్కనున్న చిన్న గదిలో మండుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ గదిని వేడి చేసే హీటర్ ప్లగ్గులు నాలుగూ పనిచేయాలి. తీగలు విప్పి మల్టీమీటరుతో కొలిచాను: 0.9, 0.8, 0.9 ఓములు, నాలుగోది పూర్తిగా తెగిపోయింది. నాలుగూ మార్చాను. 14 సెకన్లు 8 సెకన్లకు తగ్గాయి, అయినా ఎనిమిది ఎక్కువే.

మిగతా ఆలస్యానికి కారణం వెతకడానికి పట్టినంత కాలం ఈ దశలో మరి దేనికీ పట్టలేదు. మా మేస్త్రి గారు ఫోనులోనే చెప్పారు: "రాత్రంతా గాలి లాగుతోంది మాస్టారూ. ఫిల్టరుకు, పంపుకు మధ్య గాజు లాంటి గొట్టం వేసి చూడండి."

1. ఫిల్టరు నుంచి పంపుకు వెళ్లే గొట్టం తీసి, అదే కొలత పారదర్శక గొట్టం బిగించాను.
2. బండి నడిపి ఆపాను. గొట్టం నిండా డీజిల్ ఉంది, బుడగలు లేవు.
3. పొద్దున చూస్తే గొట్టంలో రెండంగుళాల ఖాళీ.
4. ఒక్కో జాయింటుకు గ్రీజు పూసి రాత్రిళ్లు వదిలాను. రెండు రాత్రులు ఏ మార్పూ లేదు.
5. మూడో రాత్రి నాజిళ్ల (ఇంజనులోకి డీజిల్ చిమ్మేవి) నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్లే సన్న గొట్టానికి పూశాను. పొద్దున ఖాళీ లేదు.

ఆ సన్న గొట్టం బయటికి కొత్తగానే కనిపించింది, వంచితే మాత్రం వెంట్రుక పగుళ్లు. కొత్త గొట్టాలు, క్లిప్పులు, రాగి వాషర్లు వేశాక డిసెంబరు 4 పొద్దున, 19 డిగ్రీల చలిలో, 2 సెకన్లలో అందుకుంది.

హీటర్ ప్లగ్గులు 1,800, గొట్టాలు 640.

నడుస్తున్న మొత్తం: 3,99,290

దశ 4: వాన (డిసెంబరు 5)

మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు. షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమోనన్న భయంతో బండిని ఆరుబయట పెట్టాను. సాయంత్రం తలుపు తీస్తే క్యాబిన్‌లో నీళ్లు. గుడ్డతో పిండి కొలిస్తే లీటరున్నర. ముందు అద్దం రబ్బరు కుడి కింది మూల నుంచి కారుతోంది. రంగు వేసినప్పుడు 1,150 రూపాయలు మిగులుతాయని పాత రబ్బరునే తిరిగి వేశాను. ఆ 1,150 ఇప్పుడు పెట్టాను, బిగింపు కూలీ మరో 600.

నడుస్తున్న మొత్తం: 4,01,040

దశ 5: కాగితాలు (డిసెంబరు 11 – 2024 ఫిబ్రవరి 6)

ఇంజను విప్పి బిగించడానికి 23 రోజులు పట్టింది. కాగితాలకు 57. తప్పులన్నీ నావే కనుక వరుసగా రాస్తాను.

పొగ. బీఎస్-4 కాలుష్య ప్రమాణాలకు ముందు తరం డీజిల్ బండ్లకు పొగ సాంద్రత పరిమితి మీటరుకు 2.45. నా బండి 3.05 చూపింది. ఫిల్టరు మార్చినా 2.9. నాజిళ్లు విప్పి పరీక్ష బల్ల మీద పెట్టిస్తే ఒకటి మిగతావాటికంటే దాదాపు 20 బార్ తక్కువ ఒత్తిడికే తెరుచుకుంటోంది, చిమ్మడం లేదు, కారుతోంది. నాలుగింటినీ మాన్యువల్లో ఉన్న అంకెకు సరిచేయించాక 1.84 వచ్చింది. ఖర్చు 3,200. మూడో దశలో ప్లగ్గులు విప్పినప్పుడే ఈ పని చేయించి ఉంటే రెండోసారి విప్పే పని ఉండేది కాదు.

చాసిస్ నంబరు. ఫిట్‌నెస్ పరీక్షలో నంబరు అచ్చు తీయడానికి పెన్సిలు రుద్దితే కాగితం మీద ఏమీ రాలేదు. చాసిస్‌కు నేను ఉత్సాహంగా మూడు పూతల మందపాటి రంగు కొట్టాను, అంకెలు దాని కింద సమాధి అయ్యాయి. బండిని వెనక్కి పంపారు. పంపడం న్యాయమే. ఇక్కడ ఒక్క హెచ్చరిక: గ్రైండరు, ఉప్పు కాగితం, వైరు బ్రష్షు ఏవీ దగ్గరికి రానీయకండి. అంకె ఒక్కటి అరిగినా నంబరు దిద్దారన్న అనుమానం వస్తుంది, దాన్ని తుడుచుకోవడం రంగు తుడిచినంత సులభం కాదు. నేను చేసింది:

1. రంగు కరిగించే మందును దూదితో పూసి పావుగంట ఆగాను.
2. ప్లాస్టిక్ గరిటెతో, పాత టూత్ బ్రష్షుతో తీశాను. అయిదు సార్లు.
3. కిరసనాయిలుతో తుడిచి, పెన్సిలు అచ్చు తీసి ఆర్సీతో అంకె అంకె సరిచూశాను.
4. పారదర్శక వార్నిషు పల్చగా ఒక పూత వేశాను.

ఖర్చు 450.

నంబరు ప్లేటు. అందం కోసం నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు రాయించాను, "ఆ కాలం బండి" అనిపించాలని. రవాణా వాహనానికి పసుపు ప్లేటు ఉండాలి అన్నారు. సరే, చట్టం అది. ఇంటికొచ్చి పాత ఫొటోలు చూస్తే ఇంకో సంగతి బయటపడింది: 2001కి ముందు నల్ల ప్లేటు సొంత బండ్లకు ఉండేది, సరకు బండ్లకు తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు. అంటే నా ప్లేటు చట్టానికీ సరిపోలేదు, చరిత్రకూ సరిపోలేదు. కొత్తవి 600.

ఫిట్‌నెస్. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఇది ఏటా చేయించాలి. పదిహేనేళ్లు దాటిన తేలికపాటి బండికి, 2022 ఏప్రిల్ నుంచి అప్పట్లో అమల్లో ఉన్న ధ్రువపత్రం రుసుమే 7,500. పరీక్ష రుసుము, మిగతావి కలిపి 8,900. ఒక ఊరట ఏమిటంటే మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరకు బండికి పర్మిట్ అవసరం లేదు.

అప్పు నమోదు. దీనికే 46 రోజులు పోయాయి. 1991లో మొదటి యజమాని బండిని అప్పు మీద కొన్నాడు. అప్పు తీరి ఉంటుంది, కాని ఆర్సీలో ఫైనాన్సు సంస్థ పేరు అలాగే ఉంది. ముగ్గురు యజమానులు మారినా ఎవరూ పట్టించుకోలేదు, నాలుగోవాణ్ణి నేను, నేనూ చూడలేదు. ఆ సంస్థ ఎప్పుడో ఇంకో సంస్థలో కలిసిపోయింది. కలుపుకున్న సంస్థకు పాత ఆర్సీ నకలు జతచేసి ఉత్తరం రాశాను. మూడు వారాలు జవాబు లేదు. రెండో ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రశీదు పట్టుకుని స్వయంగా వెళ్లాను. అక్కడున్న అమ్మాయి పుట్టకముందు నాటి అప్పు అది. అయినా ఓపికగా వెతికి, బాకీ లేదన్న లేఖ, ఆర్సీలోంచి అప్పు నమోదు తీసేయడానికి కావలసిన 35వ నంబరు ఫారం సంతకంతో ఇప్పించింది. ప్రయాణాలు, రుసుములు 2,300.

బండి కొనేటప్పుడే ఆర్సీలో ఆ గడి చూసి ఉంటే, అమ్మిన మనిషి మెడ మీదే ఆ పని పెట్టేవాణ్ణి.

ఈ దశ ఖర్చు: 15,450

నడుస్తున్న మొత్తం: 4,16,490

దశ 6: రెండో ప్రకటన (ఫిబ్రవరి 8)

ఈసారి ధర 3,60,000 పెట్టాను. ఇది నా ఖర్చు నుంచి పుట్టిన అంకె కాదు. ఆ వారం అమ్మకానికున్న పదేళ్ల లోపు పికప్‌ల ధరలు చూసి, పనికి కొనేవాడు ఎక్కడిదాకా వస్తాడో, ముచ్చటపడి కొనేవాడు దానిపైన ఎంత వేస్తాడో ఊహించి కట్టినది.

ఫొటోలు 27. అందులో 11 తుప్పువి, కోసిన రేకువి, వెల్డింగ్‌వి. సాయంత్రపు ఎండ ఫొటో ఒక్కటే ఉంచాను. వాటితో పాటు లోపాల జాబితా ఒకటి రాశాను. మా ఇంట్లో చదివి "ఇది అమ్మకమా, అభిశంసనా?" అన్నారు. జాబితాలోంచి కొన్ని:

- కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకుపోయే ఒత్తిడి) నాలుగు సిలిండర్లలో 27, 26, 27, 23 బార్. నాలుగోది బలహీనం.
- 1,100 కిలోమీటర్లకు 600 మిల్లీలీటర్ల ఇంజనాయిలు తాగుతుంది.
- నిండు ట్యాంకు నుంచి నిండు ట్యాంకుకు లెక్కిస్తే లీటరుకు 12.4 కిలోమీటర్లు.
- మూడో గేరు నుంచి రెండుకు దించేటప్పుడు తొందరపడితే కరుస్తుంది.
- వెనక టైర్లు 2019వి. ముందువి, స్టెప్నీ 2015వి. పక్కన ముద్రించిన నాలుగంకెల్లో చివరి రెండూ సంవత్సరం. అరుగుదల లేదు కదా అని ఎవరూ మోసపోవద్దు.
- ఎడమ పక్క రంగు మిగతా బండి కంటే అయిదు నెలలు చిన్నది. మధ్యాహ్నపు ఎండలో తేడా తెలుస్తుంది.
- మీటరు చూపే కిలోమీటర్లు నమ్మకండి. కేబుల్ ఎప్పుడు తెగిందో, ఎప్పుడు వేశారో తెలిసినవాళ్లు లేరు.

ఒక మంచి మాట కూడా చేర్చాను: ఇదే ఇంజనును 1994లో వచ్చిన టాటా సుమోలోనూ వాడారు, కాబట్టి ఇంజను సామాను విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుంది. రేకు సామాను మాత్రం దొరకదు, చేయించుకోవలసిందే.

ఈసారి పన్నెండు రోజుల్లో 19 ఫోన్లు వచ్చాయి. "చివరి ధర ఎంత?" అన్నవారు నలుగురే. మిగతావాళ్లు నాలుగో సిలిండరు గురించి, ఆయిలు గురించి అడిగారు. లోపం ముందే చెప్పినప్పుడు అడిగే గొంతులో అనుమానం ఉండదు, లెక్క ఉంటుంది. ఆ లెక్కతో మాట్లాడటం నాకు తేలికైంది.

దశ 7: బేరం (ఫిబ్రవరి 18–25)

ముగ్గురు వచ్చారు. ఒకరు సీట్లో కూర్చుని, పవర్ స్టీరింగ్ లేదని తెలిసి దిగిపోయారు.

రెండోవారు హైదరాబాదులో హోటలు నడిపేవారు. బండిని ముందు వాకిట్లో నిలబెట్టి, వెనక తొట్టిలో బల్లలు వేస్తారట. ఇంజను తీసి అమ్మేస్తామన్నారు. 3,40,000 ఇస్తానన్నారు. అయితే బండి రోడ్డెక్కదు కనుక పేరు మార్పిడి అక్కర్లేదు, ఖాళీ ఫారాల మీద సంతకం చేసిస్తే చాలన్నారు.

ఒక రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక వద్దని చెప్పాను. ఇంజను తీసేస్తామన్న మాటకు మనసు ఒప్పలేదన్నది నిజమే, కాని కారణం అది కాదు. బండి అమ్మేసినా, రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. ఆ కేసులో బండి ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారింది, ప్రమాద పరిహారం బాధ్యత మాత్రం రికార్డులో పేరున్న మొదటి వ్యక్తి మీదే పడింది. హోటలు మూతపడి, బండి ఎవరి చేతికో వెళ్లి, దానికి ఇంకో ఇంజను బిగిస్తే? ఆ ఆలోచన ధర 25,000 అని మూడో మనిషి వచ్చాక తేలింది.

మూడోవారు కడియపులంకలో నర్సరీ యజమాని. వాళ్ల నాన్నగారి రోజుల్లో మొక్కలు ఇలాంటి బండిలోనే తోలేవారట. ముచ్చట అంతవరకే. ఆ తర్వాత జేబులోంచి నా లోపాల జాబితా నకలు, పెన్సిలు, టేపు తీశారు. ముందు తొట్టి కొలిచి, ట్రేలు వరుసకు ఎన్ని పడతాయో లెక్క వేసుకున్నారు. తర్వాత ఒక్కో లోపం దగ్గరికీ వెళ్లి చూసి టిక్కు పెట్టుకున్నారు. వెంట తెచ్చుకున్న మేస్త్రి పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్టు చేసి చూశారు. రెండు సెకన్లు.

రోడ్డు మీద 11 కిలోమీటర్లు నడిపి వచ్చాక ఆ మేస్త్రి వెనక చక్రాల దగ్గర ముక్కు పెట్టి, "మాస్టారూ, ఇది మీ కాగితంలో లేదండీ" అన్నారు. వేడి కొలిచే పరికరం పెడితే కుడి డ్రమ్ము 58 డిగ్రీలు, ఎడమది 91. హ్యాండ్‌బ్రేకు కేబుల్ పట్టుకుపోయి బ్రేకు పూర్తిగా వదలడం లేదు. అక్కడికక్కడే కేబుల్ విప్పి, నూనె పోసి, లాగి వదిలి, సర్దాం. మళ్లీ 11 కిలోమీటర్లు: 57, 61.

అన్నీ రాశానని గర్వపడుతున్న సమయంలో బయటపడిన లోపం అది. జాబితా చివర నా చేత్తో రాసి సంతకం పెట్టాను.

బేరం: ఆయన 2,70,000, నేను 3,45,000. ఆయన 3,00,000 అని, ముందు టైర్ల ధర వేలు పెట్టి చూపించారు. 3,15,000 దగ్గర ఆగాం. బజానా 15,000 ఇచ్చారు. మిగతాది నోట్లే తెస్తానన్నారు. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. ఈ జరిమానా ఇచ్చినవాడికి పడదు. ఈ సంగతి చెబితే ఆయన "మరి ముందే చెప్పరేమండీ" అని బ్యాంకులో వేశారు.

రెండు ప్రకటనల కాలంలో బండి తిప్పి చూపించిన డీజిల్: 2,450

నడుస్తున్న మొత్తం: 4,18,940

దశ 8: అప్పగింత (ఫిబ్రవరి 28)

1. డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకాలు. పేరు మార్పిడికి 29వ నంబరు ఫారం రెండు ప్రతులు, 30వ నంబరు ఫారం ఒకటి. ఏ గడీ ఖాళీగా వదల్లేదు.
2. అమ్మకం రశీదు మీద తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాశాం: ఉదయం 10.40. ఆ తర్వాత జరిగినదానికి ఎవరు బాధ్యులో తేలడానికి.
3. లోపాల జాబితా మీద ఇద్దరం సంతకం చేశాం.
4. అదే రోజు ఇద్దరం కలిసి పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టాం. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి. ఆయన చేస్తారులే అని ఆగకండి.
5. బీమా తన పేరుకు మార్చుకోవడానికి కొన్నవారికీ 14 రోజులే. దరఖాస్తు నేనే నింపి ఇచ్చాను.
6. తీసి పక్కన పెట్టిన పాత సామాను, మాన్యువల్ నకలు, ఖర్చుల రశీదుల కట్ట ఇచ్చాను. రశీదులు చూసి ఆయన నా వైపు ఒకసారి చూశారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

పందొమ్మిదో రోజున ఆర్సీలో ఆయన పేరు వచ్చింది. ఆ తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి దాచుకున్నాను.

- మొత్తం ఖర్చు: 4,18,940
- అమ్మిన ధర: 3,15,000
- నష్టం: 1,03,940

ఆ 640 గంటల మీద పంచితే గంటకు 162 రూపాయలు నేనే ఎదురిచ్చి పనిచేశానన్నమాట.

ఏప్రిల్ 3

నర్సరీ ఆయన ఫోను. వేమగిరి దగ్గర ముందు టైరు పోయిందట, 2015వి మూడింటిలో ఒకటి. "జాకీ ఉందండీ, దాని రాడ్డు ఎక్కడ పెట్టారు?" అన్నారు. సీటు వెనక చూడమన్నాను. లేదన్నారు. ఫోను పట్టుకునే షెడ్డులోకి వెళ్లాను. రంగు వేసినప్పుడు తీసి గోడకు మేకుకు తగిలించినది, అక్కడే ఉంది. ఎర్ర రంగు కూడా వేశాను దానికి.

ఆయన దారిన పోయే లారీ వాళ్ల దగ్గర అడిగి పని కానిచ్చుకున్నారు. సాయంత్రం రాడ్డును బస్సు పార్సిలులో పంపాను. 90 రూపాయలు.

నష్టం: 1,04,030